వెబ్ పేజీకి అధికారి ఎవరు? ‘మీభూమి’, అనంతపురం మెట్టరైతు: ఒక ఔచిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:

రచనకు చదువరి ఎవరో ముందే నిర్ణయించుకోవాలన్న భావన మన శాస్త్ర, అలంకార సంప్రదాయాలకు కొత్తది కాదు. అనుబంధచతుష్టయంలోని ‘అధికారి’, క్షేమేంద్రుడు ప్రతిపాదించిన ‘ఔచిత్యం’ అనే రెండు భావనల వెలుగులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు ‘మీభూమి’ని అనంతపురం మెట్టప్రాంతపు రైతు వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతంలో వెబ్ పేజీని ఒకరు చదువుతుంటే మరొకరు వింటారనీ, పేజీ రూపకల్పన ఈ జంటను లెక్కలోకి తీసుకోలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అధికారి, ఔచిత్యం, మీభూమి, అడంగల్, మాండలికం, శ్రావ్యపఠనం, అనంతపురం.

1. ప్రవేశిక:

వెబ్‌సైటును సాంకేతిక నిపుణుల వ్యవహారంగా భావించి తెలుగు సాహిత్యవిమర్శ దాని జోలికి పెద్దగా పోలేదు. అంతర్జాలంలో తెలుగు గురించి జరిగిన చర్చలో ఎక్కువ భాగం ఖతుల చుట్టూ, కీబోర్డుల చుట్టూ, యూనికోడ్ చుట్టూ తిరిగింది. ఒత్తులు విడిపోకుండా, గుణింతాలు చెదిరిపోకుండా అక్షరం తెరమీద నిలబడడమే గొప్పగా ఉన్న రోజుల్లో అది సహజం. ఆ దశ చాలావరకు గడిచిపోయింది. తెలుగు తెరమీద కనబడుతున్నది. అది ఎవరిని ఉద్దేశించి కనబడుతున్నదన్న ప్రశ్న మాత్రం అడగకుండానే మిగిలిపోయింది. పదాల ఎంపిక, వాక్యనిర్మాణం, సంబోధన, విషయక్రమం ఉన్న ప్రతిదీ పాఠ్యమే కనుక ఈ ప్రశ్న విమర్శకుడి పరిధిలోనిదే.

ప్రాచీన శాస్త్రగ్రంథకర్త గ్రంథారంభంలోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని తేల్చుకునేవాడు. వీటినే అనుబంధచతుష్టయం అన్నారు. ఇక్కడ అధికారి అంటే పదవిలో ఉన్నవాడు కాడు. ఆ గ్రంథాన్ని చదవడానికి తగినవాడు, దానివల్ల ప్రయోజనం పొందదగినవాడు. ప్రభుత్వ వెబ్‌సైట్ల సందర్భంలో ఈ మాటకున్న రెండు అర్థాలూ ఒకదానితో ఒకటి తగవులాడుకుంటాయి. ఏ పేజీ రైతును అధికారిగా ప్రకటిస్తున్నదో అదే పేజీ రెవెన్యూ అధికారి చూపుతో తయారవుతున్నది. ఆధునిక విమర్శలో వోల్ఫ్‌గాంగ్ ఈజర్ చెప్పిన అంతర్నిహిత పాఠకుడు కూడా ఇక్కడ పనికివచ్చే భావనే. అయితే ఈజర్ పాఠకుడు నవల చదువుకునేవాడు. అతనికి అర్థం కాకపోతే పుస్తకం మూసేస్తాడు. అడంగల్ అర్థం కాని రైతుకు ఆ వెసులుబాటు లేదు.

పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యం ఉండవలసిన 27 స్థానాలను లెక్కించాడు. పదం, వాక్యం, కాలం, దేశం, నామం ఆ జాబితాలో ఉన్నాయి. కావ్యం కోసం చెప్పిన కొలతలను దరఖాస్తు ఫారానికి పెట్టడం కొందరికి అతిగా తోచవచ్చు. కానీ దేనికి ఏది తగునో అదే ఔచిత్యమన్న మూలసూత్రం ఫారానికి వర్తించినంత సూటిగా చాలా కావ్యాలకు కూడా వర్తించదు.

2. ‘మీ’ అనే సర్వనామం:

ఉమ్మడి అనంతపురం జిల్లా పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి మేఘం ఇక్కడికి వచ్చేసరికి ఒట్టిపోతుంది. ఈశాన్య రుతుపవనం కోస్తాలో కురిసి అలసిపోయి వస్తుంది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడే జిల్లాగా దీన్ని చెప్పడం పరిపాటి. ఎర్రనేలల మీద వర్షాధారంగా వేరుశనగ వేసే రైతుకు పంటబీమా, పెట్టుబడి రాయితీ, బ్యాంకు రుణం అనేవి ఏడాది బతుకును నిర్ణయిస్తాయి. వీటన్నిటికీ భూమి కాగితమే పునాది. రికార్డులో ఒక గడి తప్పుగా ఉంటే కరువు సాయం పక్క చేనుకు వచ్చి తన చేనుకు రాకుండా పోతుంది. కాబట్టి ఇక్కడ వెబ్ పేజీ చదవడం కాలక్షేపం కాదు.

‘మీభూమి’ 2015లో ప్రారంభమైంది. రైతు కార్యాలయాల చుట్టూ తిరగకుండా తన అడంగల్‌ను, 1-బి నమూనాను, గ్రామపటాన్ని తానే చూసుకోవాలన్నది దాని లక్ష్యం. ఆ లక్ష్యాన్ని తక్కువ చేయనవసరం లేదు. ఒకప్పుడు కరణం పెట్టెలో ఉండి, ఆయన దయ మీద ఆధారపడిన లెక్కను బయలులో పెట్టడం చిన్న మార్పు కాదు. రాయలసీమ గ్రామచరిత్ర తెలిసినవారికి ఆ పెట్టె తాళంచెవి విలువ వేరే చెప్పనక్కరలేదు.

పేరులోని ‘మీ’ని మాత్రం కొంచెం ఆగి చూడవలసి ఉంది. ఈ సంబోధనకు చరిత్ర ఉంది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కినప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా పనిచేస్తూ రైత్వారీ పద్ధతిని ఈ నేలమీద స్థిరపరిచాడు. నడుమ జమీందారు లేకుండా రాజ్యం ఒక్కొక్క రైతుతో నేరుగా లెక్క పెట్టుకోవడం దాని సారం. పట్టా అనేది రాజ్యం రైతును ‘నువ్వు’ అని పిలిచిన పిలుపు. రెండు శతాబ్దాల తర్వాత ‘మీ’ అనే గౌరవవాచకం చేరింది. ముఖాముఖి వ్యవహారమన్న ఊహ అదే. మన్రో కాలంలో ఆ ఊహకు వెనుక కరణం నిలబడ్డాడు. ఇప్పుడు ఎవరు నిలబడ్డారన్నది పేజీని తెరిస్తే తెలుస్తుంది.

‘మీ అడంగల్’ను ఎంచుకున్న చదువరిని పేజీ మొదట అడిగేది అతని భూమిని ఎలా వెతకాలన్నది: సర్వే నంబరు ద్వారానా, ఖాతా సంఖ్య ద్వారానా, ఆధార్ ద్వారానా, పట్టాదారు పేరు ద్వారానా? తరువాత జిల్లా, మండలం, గ్రామం. చివర చిక్కుగీతల మధ్య దాగిన సంకేతాన్ని గుర్తుపట్టి మళ్లీ కొట్టాలి. ఈ వరస రికార్డుల గదిలో బీరువాలు అమర్చిన వరస. జిల్లా అర, మండలం అర, గ్రామం కట్ట, అందులో సర్వే నంబరు. రికార్డును భద్రపరిచేవాడికి ఇంతకన్నా మంచి క్రమం లేదు. రైతు తన చేనును గుర్తుపెట్టుకునే క్రమం వేరు: గుట్టకింది చేను, బావికాడ మడి, వంకపక్క తుండు, తాతల నాటి మాన్యం. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయ్యాక ధర్మవరం, కదిరి, మడకశిర రైతులు తమను తాము శ్రీ సత్యసాయి జిల్లావారిగా గుర్తించుకోవలసి వచ్చింది. బీరువా క్రమంలో మొదటి అరే మారిపోయింది. నూరేళ్లకు పైగా ‘అనంతపురం జిల్లా’ అని చెప్పుకున్న నోటికి ఈ మొదటి గడి దగ్గరే ఒక తడబాటు తప్పదు.

అంటే ‘మీ’ అన్నది తలుపు మీద రాసిన మాట మాత్రమే. తలుపు లోపలి క్రమం ‘మా’.

3. పదౌచిత్యం – శెనక్కాయ, వేరుశనగ, శనగ:

ఇక్కడ సులభంగా చేయదగిన విమర్శ ఒకటుంది. అది తప్పు విమర్శ. పేజీలో అన్యభాషాపదాలు ఎక్కువగా ఉన్నాయనీ, వాటిని అచ్చతెలుగులోకి మారిస్తే రైతుకు అర్థమవుతుందనీ కొందరు భాషాభిమానులు భావిస్తారు. ‘అడంగల్’ తమిళం నుంచి వచ్చింది. ‘ఖాతా’, ‘పట్టాదారు’, ‘ఫసలీ’ కూడా వేరే భాషల దారిన వచ్చినవే. ‘సర్వే’ ఇంగ్లీషు. అయినా అనంతపురం రైతుకు ఇవి ఇంటి మాటలే. ‘వన్ బీ తెచ్చుకో’, ‘పాసుబుక్కు బ్యాంకులో పెట్టినాం’ అనే వాక్యాలు ఏ రచ్చబండ మీదనైనా వినిపిస్తాయి. ఈ మాటలకు బదులు ఎవరైనా కొత్తగా సంస్కృతసమాసం కట్టి పెడితే తెలిసిన పేజీ తెలియనిదైపోతుంది. బొత్తాల మీది ‘సమర్పించండి’, ‘నిష్క్రమించండి’ అనే మాటల సంగతి ఇలాంటిదే. దేవుడికి నైవేద్యం సమర్పిస్తారు. ఫారాన్ని ‘సబ్మిట్ కొడతారు’. వ్యావహారికోద్యమం పత్రికలోనూ కథలోనూ గెలిచి శతాబ్దం కావస్తున్నా ఫారం దగ్గర గ్రాంథికం ఇంకా కుర్చీ వేసుకొని కూర్చున్నది.

అసలు ఇబ్బంది రైతుకు ఏ మాట తెలుసో విచారించకపోవడంలో ఉంది. దీనికి వేరుశనగను మించిన ఉదాహరణ లేదు. ఈ జిల్లా బతుకంతా ఈ పంట మీదే నడిచింది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 వంటి రకాలు దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. వ్యవసాయశాఖ పత్రాల్లో దీని పేరు ‘వేరుశనగ’. అనంతపురం రైతు నోట అది ‘శెనక్కాయ’, ‘చెనక్కాయ’, ‘సెనిక్కాయ’. కర్నూలు వైపున, దానికి ఆనుకొన్న పల్లెల్లో ‘బుడ్డలు’. ఇదే జిల్లాలో ఉరవకొండ, విడపనకల్లు, తాడిపత్రి ప్రాంతాల నల్లరేగడిలో రబీకి వేసే మరో పంట పేరు ‘శనగ’. జనం దాన్ని ‘పప్పుశనగ’ అంటారు. అకారాది క్రమంలో పేర్లున్న జాబితాలో ‘శెనక్కాయ’ కోసం వెతికే చూపు ‘శ’ దగ్గర ఆగుతుంది. అక్కడ ఉన్నది ‘శనగ’. వేరుశనగ ‘వ’ దగ్గర, వరి పక్కన ఉంటుంది. చదువుకున్నవాడికి ఇది నవ్వులాట. ఒక పంట కరువు సాయానికి అర్హమై మరొకటి కాని ఏడాదిలో ఈ రెండు అక్షరాల దూరం ఎంత ఖరీదైనదో చెప్పనక్కరలేదు.

ఈ పని చేయడానికి కావలసిన సామగ్రి తెలుగులో లేదని ఎవరూ అనలేరు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయపదాలకే కేటాయించినది. పరిశోధకులు జిల్లాలు తిరిగి, రైతుల నోట విని, ఒక్కొక్క వస్తువుకు ఏ ప్రాంతంలో ఏ మాట ఉందో నమోదు చేశారు. తెలుగు మాండలికాల నాలుగు మండలాల విభజనకు ఆ సేకరణే ఆధారమైంది. చేనేతపదాల సంపుటం 1971లో వచ్చింది. భారతీయ భాషల్లో ఈ రకమైన పనిని ముందుగా చేసిన కొద్దింటిలో తెలుగు ఒకటి. విశ్వవిద్యాలయాల తెలుగుశాఖల్లో ఆ సంపుటాలు ప్రశ్నపత్రాల్లో లఘుటీకలుగా బతుకుతున్నాయి. శాఖాపరమైన పంటల జాబితా వెనుక ఒక పర్యాయపదాల పట్టికను ఉంచి, ‘శెనక్కాయ’ అని కొట్టినా ‘బుడ్డలు’ అని కొట్టినా ‘వేరుశనగ’ దగ్గరికే చేర్చడం సాంకేతికంగా అతి చిన్న పని. చట్టానికి ఒకే ప్రామాణికపదం కావాలన్న అభ్యంతరం సరైనదే. కానీ రికార్డులో నమోదయ్యే పదం ఒకటి కావడానికీ, దాన్ని చేరుకునే దారి ఒకటే కావడానికీ తేడా ఉంది. నిఘంటుకర్తకు ఈ తేడా బాగా తెలుసు: ఆరోపం ఒకటే, చూపులు అనేకం.

అనంతపురం కథకులు ఈ సమస్యను మరో కొసనుంచి ఎదుర్కొన్నారు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి వంటివారు కరువు రైతు మాటను, ఆ ఊరి పలుకుబడిని ఆ ఊరు చూడని చదువరికి అందేటట్టు రాశారు. ఏ మాటను యథాతథంగా వదలాలి, ఏ మాటకు సందర్భంతోనే అర్థం తోపించాలి అన్న వివేచన వారి శిల్పంలో భాగం. వెబ్‌సైటుది తలకిందుల స్థితి. అది రైతుతోనే మాట్లాడుతుంది, వేరే ఊరి మాటలో. కథకుడు దూరపు చదువరి కోసం పడిన శ్రమలో పదో వంతు దగ్గరి చదువరి కోసం పడలేదు.

4. కాలం, నామం, కొలత:

రైతు ఏడాదిని కార్తెలతో లెక్కిస్తాడు. మృగశిర, ఆరుద్రల్లో పదును దొరికితే గొర్రు కడతాడు. వ్యవసాయశాఖ ఖరీఫ్, రబీ అంటుంది. అనంతపురంలో వీటికి ముంగారు, హింగారు అని కన్నడంతో పంచుకున్న మాటలున్నాయి. రెవెన్యూశాఖ జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరాన్ని పాటిస్తుంది. బ్యాంకు ఏప్రిల్ నుంచి లెక్క వేస్తుంది. ఇన్ని కాలాలు ఒక్క చేను మీద నడుస్తున్నప్పుడు పేజీలో ‘ఫసలీ 1435’ పక్కన ‘2025 జూలై నుంచి 2026 జూన్ దాకా’ అని ఒక్క ముక్క చేర్చితే సరిపోతుంది. ఇలాంటి ఒక్క ముక్కలే పాఠకదృష్టికి అసలైన పరీక్ష.

పేర్ల విషయం ఇంతకన్నా చిక్కు. ఈ ప్రాంతపు రెవెన్యూ రికార్డుల్లో ఇంటిపేరుకు బదులు బోయ, కురుబ, వడ్డె వంటి కులనామం ముందు చేరడం వాడుక. పేరు చివర ‘అప్ప’, ‘అన్న’ కన్నడసీమ పొరుగుతనం వల్ల వచ్చినవి. తిప్పేస్వామి ఒక కాగితంలో తిప్పేసామి, మరోదానిలో తిప్పయ్య. హనుమంతప్ప ఆధార్‌లో ఒక రకం, పట్టాలో ఇంకో రకం. పట్టాదారు పేరుతో వెతికే సౌకర్యం ఇచ్చినప్పుడు ఈ రూపభేదాలు గుర్తించకపోతే ఆ సౌకర్యం పేరుకే మిగులుతుంది. మౌఖికసాహిత్య పాఠభేదాలతో పనిచేసిన పరిశోధకులకు ఇది పరిచితమైన చిక్కే.

కొలతలోనూ చదవడంలో మెలిక ఉంది. రాయలసీమలో ఎకరాకు నూరు సెంట్లు. తెలంగాణలో ఎకరాకు నలభై గుంటలు. కాబట్టి రెండున్నర ఎకరాలను ఇక్కడ 2.50 అనీ, అక్కడి లెక్కలో 2.20 అనీ రాస్తారు. ఒకే చుక్క, రెండు వ్యాకరణాలు. సరిహద్దు దాటి పొలం కొన్నవారికే ఇది సమస్య కనుక ఇంతటితో వదిలిపెట్టవచ్చు.

5. చదివేవారు, వినేవారు:

ఇంతవరకు చెప్పినవన్నీ రైతే స్వయంగా పేజీ చదువుతాడన్న ఊహ మీద ఆధారపడినవి. ఆ ఊహనే ప్రశ్నించవలసి ఉంది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి జిల్లాలో అక్షరాస్యత 64 శాతానికి దరిదాపు. స్త్రీలలో సగానికి కొంచెం ఎక్కువ. వ్యవసాయం మీద ఉన్న నడివయసు దాటినవారిలో ఇది ఇంకా తక్కువగా ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. 2011లో మీసేవ కేంద్రాలు వచ్చాయి. 2019 అక్టోబరు 2న గ్రామసచివాలయాలు మొదలైనప్పుడు ‘డిజిటల్ అసిస్టెంట్’ అనే ఉద్యోగాన్నే సృష్టించారు. పేజీ ఒకవైపు ‘మీ’ అని రైతును పిలుస్తుంది. వ్యవస్థ మరోవైపు పేజీకీ రైతుకూ నడుమ ఒక చదువరిని కూర్చోబెడుతుంది. ఈ నడిమి చదువరి సచివాలయ ఉద్యోగి కావచ్చు, నెట్ సెంటర్ కుర్రవాడు కావచ్చు, ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురు కావచ్చు.

సాధారణంగా దీన్ని లోపంగా చూస్తారు. అందరూ అక్షరాస్యులైతే, అందరి చేతికీ స్మార్ట్‌ఫోను వస్తే ఈ మధ్యవర్తి మాయమవుతాడని ఆశిస్తారు. తెలుగు పఠనచరిత్ర తెలిసినవారు అంత తొందరగా అంగీకరించలేరు. ఈ భాషలో చదవడమంటే చాలాకాలం చదివి వినిపించడమే. పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దంలో ‘బసవపురాణం’ కోసం ద్విపదను, జానుతెనుగును ఎంచుకోవడానికి కారణం తన భక్తజనం వినేవారని, పాడుకునేవారని తెలియడమే. సంస్కృతసమాసభూయిష్ఠమైన గద్యపద్యాల కన్నా సామాన్యులకు తెలిసే నుడి మేలని ఆయన బాహాటంగానే వాదించాడు. తెలుగులో పాఠకవర్గాన్ని ముందు నిర్ణయించుకొని రూపాన్ని ఆ తర్వాత ఎంచుకున్న స్పష్టమైన సాక్ష్యం అది. కదిరి ప్రాంతపు కటారుపల్లెలో సమాధి ఉన్నదని సంప్రదాయం చెప్పే వేమన ఆటవెలది కూడా కంటికన్నా చెవికి, చెవికన్నా నాలుకకు చేరేందుకు పుట్టినది.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఇంకా దగ్గరి సాక్ష్యం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ ఆటలో కూడా ఉన్నది ‘తెర’యే, ఫోనుకూ బొమ్మలాటకూ తెలుగులో ఒకే మాట ఉండడం సరదా అయిన యాదృచ్ఛికం. తెరమీది రామాయణకథ నడుస్తుండగా కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా చొరబడతారు. వారి మాట ఆ ఊరి మాట, వారి హాస్యం ఆ పూట జనాన్ని చూసి అల్లుకున్న హాస్యం. పౌరాణికపాత్రల గంభీరభాషకూ ముందు కూర్చున్నవారికీ నడుమ వీరే వంతెన. మధ్యవర్తిని దాచిపెట్టకుండా ఆ కళారూపం అతనికి తెరమీదే చోటిచ్చింది.

నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం ఈ సంగతిని ఆధునికకాలంలో మరోసారి రుజువు చేసింది. 1990ల తొలినాళ్లలో కొత్తగా చదువు నేర్చుకున్న స్త్రీల కోసం తయారైన వాచకాల్లోని ‘సీతమ్మ కథ’ వంటి పాఠాలను రాత్రిబడుల్లో కలిసి చదివారు, విన్నారు, చర్చించారు. దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమానికి ఆ చదువు తోడ్పడిన తీరు అందరికీ తెలిసినదే. ఆ పాఠాల బలం వాటి సాహిత్యగుణంలో వెతికితే దొరకదు. ఎవరు, ఎక్కడ, ఎవరి పక్కన కూర్చొని చదువుతారో తెలిసి రాయడంలో ఉంది.

కాబట్టి అనంతపురంలో భూరికార్డు పేజీకి అధికారి ఒక వ్యక్తి కాదు, ఒక జంట: చదివేవారూ, వినేవారూ. ఈ దృష్టితో అడంగల్ పేజీని మళ్లీ చూస్తే లోపం ఎక్కడుందో బయటపడుతుంది. వరుస సంఖ్య, సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, సాగుకు పనికిరానిది, పనికివచ్చేది, భూమి స్వభావం, శిస్తు, జలాధారం, ఖాతా, పట్టాదారు, అనుభవదారు, అనుభవస్వభావం అంటూ గడులు అడ్డంగా సాగుతాయి. చేతిఫోనులో వేలితో పక్కకు తోస్తూ పోవాలి. పేరు గడికి వచ్చేసరికి సర్వే నంబరు గడి తెర దాటిపోతుంది. కాగితపు రిజిష్టరులో రెండు పుటలు పరచుకొని ఒక్క చూపులో చూసే పట్టిక ఇది. దీన్ని గట్టిగా చదివితే వినేవారికి అంకెల వాన తప్ప ఏమీ చేరదు. అందువల్ల చదివేవాడు చదవడు, సారాంశం చెప్తాడు. ‘అంతా సరిగ్గానే ఉందిలే’ అంటాడు. రైతు తన భూమి గురించి ఆ ఒక్క వాక్యం విని ఇంటికి వెళతాడు. కరణం పెట్టె తెరుచుకున్నది గానీ, కరణం మాటే మిగిలింది.

పట్టిక చట్టానికి అవసరమైతే ఉండనివ్వవచ్చు. దాని పైన నాలుగు వాక్యాలు చేర్చడానికి అభ్యంతరమేమీ ఉండనక్కరలేదు: ఫలానా గ్రామంలో ఫలానా సర్వే నంబరులో రెండు ఎకరాల యాభై సెంట్ల మెట్టభూమి ఫలానావారి పేరున ఉంది, ఈ ఏడు దాన్ని సాగు చేస్తున్నట్టు రాసినది ఫలానావారి పేరు, వేసిన పంట వేరుశనగ, ఇందులో ఏదైనా తప్పుంటే ఫలానా చోట చెప్పాలి. ఇవి గట్టిగా చదవదగిన వాక్యాలు. మధ్యవర్తి మార్చి చెప్పడానికి వీలు తక్కువ. ఫోనే చదివి వినిపించినా చెల్లుతాయి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం రూపొందించిన సౌలభ్య మార్గదర్శకాలు మాధ్యమిక పాఠశాల తొలిదశ చదువుకు మించిన పాఠ్యానికి సులభరూపాన్నో, వినిపించే రూపాన్నో తోడివ్వాలని అత్యున్నతస్థాయి ప్రమాణంగా చెబుతున్నాయి. భారతప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో వచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ అంతర్జాతీయ ప్రమాణాలను ఆధారం చేసుకున్నవే. అయితే ఆ పత్రాల్లోని వైకల్యదృష్టి ఇక్కడ పూర్తిగా సరిపోదు. విని చదవడం ఈ ప్రాంతంలో వైకల్యం కాదు, అలవాటు. దాన్ని మినహాయింపుగా కాక మూలరూపంగా తీసుకొని పేజీ రాయడం వేరే పని.

6. అనుభవదారు:

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించడం ప్రారంభించింది. వెబ్‌సైటు దగ్గరికి జనాన్ని రప్పించడం మాని, జనమున్న చోటికి సేవను తీసుకుపోవడమన్న ఆలోచన దేశౌచిత్యం తెలిసిన ఆలోచన. పేరులో కూడా ‘మీ’ పోయి ‘మన’ వచ్చింది. ప్రశ్న, సమాధానం రూపంలో సాగే ఈ పద్ధతి పట్టిక కన్నా సంభాషణకు దగ్గర. అయినా ఆ సంభాషణలో ప్రశ్నలు వేసేది యంత్రమే, ముందే రాసిపెట్టిన జాబితాల నుంచి ఎంచుకునేది మనిషి. అనంతపురం పల్లెల్లో వాట్సాప్ వాడే పెద్దవారు ఎక్కువగా పంపుకునేది గొంతు. ఎంపికల జాబితా ఆ గొంతును అందుకోదు. సంభాషణ వేషం వేసుకున్న ఫారాన్ని సంభాషణగా పొరబడకూడదు.

అధికారి నిర్ణయంలో అన్నిటికన్నా బరువైన చిక్కు అడంగల్‌లోని ఒక గడిలో ఉంది. పట్టాదారు పక్కన ‘అనుభవదారు’ అనే గడి ఉంది. గుత్తకు గానీ కోరుకు గానీ చేను తీసుకొని సాగుచేసే రైతు పేరు రాయడానికి చోటది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలురైతుకు ఒక పత్రం ఇవ్వడానికి దారి చూపింది. దానికి పట్టాదారు అంగీకారం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పట్టాదారులు ఆ అంగీకారం ఇవ్వరు. విత్తనం కొన్నది, అప్పు చేసినది, పదును కోసం ఆకాశం చూసినది ఒకరు. పేజీలో కనబడే పేరు మరొకరిది. ఆత్మహత్యల తర్వాత పరిహారం దగ్గర కుటుంబాలు ఎదుర్కొనే మొదటి ప్రశ్న కూడా ఈ గడి చుట్టూనే ఉంటుంది.

పేజీలో వెతకడానికి ఇచ్చిన దారులను ఈ రైతు వైపు నుంచి మళ్లీ చదివితే వాటి అర్థం మారిపోతుంది. ఖాతా సంఖ్య పట్టాదారుది. ఆధార్ అనుసంధానమైనది పట్టాదారుది. పేరుతో వెతికితే వెతకవలసినది పట్టాదారు పేరు. సర్వే నంబరు ఒక్కటే మిగిలింది, అది కూడా భూమి యజమాని చెప్పితేనే తెలిసేది. అనుభవదారు పేరుతో వెతికే దారి ఈ నాలుగింటిలో లేదు. ‘మీభూమి’లోని ‘మీ’ కౌలురైతును పిలవలేదు. భర్త పేరున పట్టా ఉండి, ఆయన బెంగళూరుకో బళ్లారికో పనికి పోతే ఒంటిగా చేను చేసుకునే స్త్రీనీ పిలవలేదు. ఆ గడిలో ఎవరి పేరూ లేని ఏడాది, సచివాలయంలో ఆమె ముందు కూర్చున్న డిజిటల్ అసిస్టెంట్‌కు గట్టిగా చదివి వినిపించడానికి ఏమీ ఉండదు.